శేషం సున్నా

సిరొంచ బజారులో సమ్మన్న మంగలి దుకాణం.
ఎదురెదురుగా రెండద్దాలు, నడుమ ఒక కుర్చీ.
మూల బల్ల మీద అతని కూతురు సమీక్ష
క్యూబు తిప్పుతోంది, కరకర, కరకర.
ఎక్కాలు మరాఠీలో అప్పజెప్పి
కోపం తెలుగులో పడే పిల్ల.

ఇళ్ళ లెక్క రాసే డ్యూటీలో ఎండంతా తిరిగి
గడ్డానికి కూర్చున్నాను.
"సార్, ఇది ఎన్ని తీర్ల చెడిపోతది?"
పాత క్యాలెండరు వెనక రాశాను:
43252003274489856000.
ఇరవై అంకెలు.
ఆ పిల్ల వేలు పెట్టి సున్నా దాకా నడిచింది.
"గివన్నీ వేరేవేరేనా?"

కావు.
ఆరు ముఖాల్లో ఏదైనా పైకి పెట్టు,
నాలుగు పక్కల్లో ఏదైనా నీ వైపు తిప్పు,
ఇరవై నాలుగు.
అద్దంలో చూడు, మీ నాయిన కుడిచేతి కత్తి
ఎడమచేతికి పోయింది.
ఇంకో ఇరవై నాలుగు.
రంగుల పేర్లు మరిచిపో, చిక్కును చూడు.
మనం అవతలి ఒడ్డనేదాన్ని
కాళేశ్వరం వాళ్ళు ఇవతలి ఒడ్డంటారు,
ప్రాణహిత నీళ్ళు మారతాయా?
ఒక్కో చిక్కుకు నలభై ఎనిమిది వేషాలు.
భాగిస్తే సరి.

భాగించాను. చెంప మీద నురగ ఎండిపోతోంది.
శేషం సున్నా.
లెక్కల మాస్టరుకు శేషం సున్నా వస్తే
ఆ పూట అన్నం లేకున్నా నడుస్తుంది.

సమీక్ష మాట్లాడలేదు.
క్యూబు మొత్తం సరిచేసి నా అరచేతిలో పెట్టింది.
"తిప్పుండ్రి."
తిప్పాను.
"అద్దంల చూపెట్టుండ్రి."
చూపెట్టాను.
"ఎన్ని వేషాలు?"
ఒక్కటే.
"మరి దీన్ని గూడ నలభై ఎనిమిది తునకలు జేసిండ్రు గద సార్?"

సమ్మన్న కత్తి గాలిలో ఆగింది.
అద్దంలో నా ముఖం, సగం నున్నగా, సగం నురగతో.
ఆ ఎదుటివాడి గడ్డం రెండో వైపు మిగిలింది.
నేను లేచాను.
"ఇంకా సగమున్నది సార్!"
ఉండనీ.

ఎటు తిప్పినా అదే ముఖమున్నది
తన ఇంట్లో తానొక్కటే.
నిండిన ఇంటికీ దానికీ గడప మాత్రం ఒకటే.
నేను దాన్ని గడపలో నలభై ఎనిమిదో వంతుగా రాశాను.
ఆరుగురున్న ఇళ్ళు, పన్నెండుగురున్నవి, ఇరవై నలుగురున్నవి,
అన్నిటి గడపలూ తలా కొంత చెక్కేశాను.
చెక్కుపొట్టు కలిసి
ఎక్కడో సున్నాగా సర్దుకుంది, అంతే.

మూడు రాత్రులు కూర్చున్నాను.
ఇళ్ళను ఎంచడం మానేసి తిప్పులను పిలిచాను,
నలభై ఎనిమిదింటినీ, పేరుపేరునా.
నువ్వు ముట్టుకున్నా మారనివి ఎన్ని?
ఏమీ చెయ్యని తిప్పు "అన్నీ" అంది, సోమరిది.
పావు తిప్పు గొంతు పిసినారిది.
అద్దాలు కొంచెం ఉదారంగా చెప్పాయి.
అందరి మాటా కూడి, అప్పుడు భాగించాను.

మొదటి లెక్క కన్నా ఎక్కువొచ్చింది:
మూడువందల నలభై రెండు కోట్ల
తొంభైతొమ్మిది లక్షల
నలభై ఒక్క వేల ఆరువందల పదహారు గడపలు.
వాటిలో పూర్తిగా ఒంటరివి, ఏ తిప్పుకూ చలించనివి
నాలుగంటే నాలుగు.
ఒకటి సరిచేసిన క్యూబు.
ఇంకొకటి, మూలలన్నీ కుదురుగా ఉండి
పన్నెండు అంచులూ ఉన్నచోటే తిరగబడ్డది.
సమీక్ష దాన్ని చేసి చూపింది.
చూడడానికి పిచ్చి పట్టినట్టుంటుంది,
ఎటునుంచి చూసినా అంతే పిచ్చి.

మర్నాడు రేవుకు పోయాను.
వంతెన వచ్చాక పడవ బోర్లించి
దాని కిందే కాపురముంటున్నాడు పోశం.
సోమవారం ఫారంలో అక్కడ "ఖాళీ" అని రాసింది నేనే.
పొయ్యి మీద గంజి ఉడుకుతోంది.
గడప వెతికాను. పడవ అంచు ఉంది.

"ఎందరు?"
"నేనే."
"ఇల్లు?"
పడవ మీద చేత్తో తట్టాడు.

కొట్టేసి రాశాను. ఒకటి. ఒకటి.
"నన్ను రాస్తే ఏమొస్తది సార్?" అన్నాడు
నా సగం గడ్డం కేసి చూస్తూ.
ఏమీ రాదు పోశం.
మొన్నటి నా లెక్కల శేషం సున్నా వచ్చింది,
అదొక్కటే బాగలేదు.