లీకేజీ

స్విచ్చు వేసీ వేయగానే ఇల్లంతా చీకటి.
ఫ్రిజ్ గురక ఆపింది.
రేడియోలో వార్తలు చదివే ఆయన
సగం మాట మింగేశాడు.
"చూశావా దార్కో" అంది ఒండీనా,
అదేదో నేనే చేసినట్టు.

నాలుగో అంతస్తు, సాన్ జాకొమో పేట.
బయట బోరా గాలి
త్రియెస్తె ఇంటికప్పుల పెంకులు ఒక్కొక్కటీ లాగి చూస్తోంది,
ఏది వదులుగా ఉందా అని.
నాదీ అదే పని.

ప్లగ్గు పీకాను. పీకానని మళ్ళీ కంటితో చూసుకున్నాను.
ముప్పై ఏళ్ళు ఓడల ఇంజను గదుల్లో తిరిగి
పది వేళ్ళతో ఒడ్డుకొచ్చిన వాడికి
జ్ఞాపకం మీద నమ్మకం ఉండదు.
తొట్టిలో నీళ్ళు వంపేశాను.
వెనక రేకుకి నాలుగు స్క్రూలు,
ఐదోది కంపెనీ స్టిక్కరు కింద దాక్కుంది,
దొంగవెధవ.

లోపల
బూజు, కాఫీ పొడి, ఎప్పుడో కారిన నీటి తెల్లచారలు.
వైరు బాగుంది.
స్విచ్చు కాళ్ళ దగ్గర కాస్త నల్లగా ఉంటే గీకాను,
అది కూడా బాగానే ఉంది.
థర్మోస్టాటు మీద చాలాసేపు అనుమానపడ్డాను,
అనవసరంగా. పాపం.

మిగిలింది హీటరు.
మీటరు ముల్లు ఒకటి దాని కాలికి,
రెండోది బాయిలరు ఒంటికి.
తొమ్మిది వోల్టుల బ్యాటరీతో మెల్లగా అడిగాను.
"నాకేం, నిక్షేపంలా ఉన్నాను" అంది.

మెల్లగా అడిగితే అందరూ అంతే చెబుతారు.

కిందికి దిగి నా మెగ్గరు తెచ్చాను.
పిడి తిప్పే పాత పెట్టె,
ఒక సరుకు ఓడని తుక్కుకి అమ్మేసిన రోజు
కెప్టెను చూడనట్టు నటిస్తే తెచ్చుకున్నది.
హీటరుకున్న వైర్లన్నీ విప్పేసి
"చేతులు వెనక్కి పెట్టుకో" అన్నాను ఒండీనాతో.
ఐదొందల వోల్టులతో అడిగాను ఈసారి.
ముల్లు జారింది.
పాతిక మెగాఓములు ఉండాల్సిన చోట
పావు కూడా లేదు.

నీరు పల్లమెరుగు.
కరెంటు భూమినెరుగు.
సందు దొరికితే రెండూ ఒకే దారి.

"ఎన్నాళ్ళయింది దీన్ని వాడి?"
"పదకొండు నెలలు."
"కాఫీ మానేశావా?"
"లేదు. కింద బారులో తాగుతున్నాను."

ఇక నేను అడగలేదు, తనే చెప్పింది,
గ్లాసు తుడుస్తూ, తుడిచిన గ్లాసే తుడుస్తూ.
గ్యారేజీ తాళంచెవి విషయంలో
చెల్లెలు నీవెస్‌తో మాట పట్టింపు వచ్చిందట.
రోజూ పదింటికి వచ్చి ఆ కిటికీ దగ్గర కూర్చుని
ఒక నెరో తాగి వెళ్ళేదట.
ఒక్కదాని కోసం ఇంత మిషను వేడెక్కించడం ఎందుకని...

నేను హీటరు సంగతి చెప్పాను.
గొట్టంలో తీగ చుట్టూ తెల్లటి పొడి ఉంటుంది,
రోజూ కాగుతుంటే పొడిగానే ఉంటుంది.
ఊరికే వదిలేస్తే గాలిలో తేమ తాగుతుంది.
కాలిపోయి పాడవలేదు ఇది,
కాగక పాడైంది.

రబ్బరు వాషరు తీసి, దాన్ని ఊడదీసి
ఒండీనా కేకులు చేసే ఓవెన్లో
నూట పది డిగ్రీల దగ్గర పెట్టాం.
మూడు గంటలు.
పేకాట ఆడాం. రెండాటలు ఓడాను,
మూడోది తను తొండి చేసింది.

పావు రెండయింది,
రెండు నలభై అయింది,
ఆపైన ముల్లు కదలడం మానేసింది.
రెండు చివర్లకీ సిలికాను పూసి ఆరబెట్టి,
అన్నీ యథాస్థానంలో బిగించి
ఊపిరి బిగబట్టి స్విచ్చు వేశాను.

రేడియో ఆగలేదు.

మొదటి కప్పు సింకులో పోశాం.
రెండోది తాగాం.
గింజలు కూడా పదకొండు నెలలవే,
అట్టపెట్టె నానబెట్టినట్టుంది రుచి.
"బాగుంది" అన్నాను మెల్లగా.
"ఐదొందల వోల్టులతో చెప్పు" అంది.
చెప్పాను.
కొత్త గింజలు తెస్తానని కోటు వేసుకుంది,
ఇంత గాలిలో.
మెట్ల మీద చప్పుడు రెండో అంతస్తులో ఆగింది.
నీవెస్ ఉండేది ఆ అంతస్తులోనే,
షూ లేసు ఊడినా ఆగొచ్చు.

బల్ల మీద ఒక స్క్రూ మిగిలింది.
ఎక్కడిదో తెలియలేదు.
జేబులో వేసుకున్నాను.