రెండు టీలు

గ్లాస్గోలో వాన కురవదు,
కాపురముంటుంది.

మొదటి మూడు గురువారాలూ
మర్డో ఒక్కడే రెండు టీలూ తాగాడు.
టీకొట్టు మోరాగ్ లెక్క రాసుకుంది.

నాలుగో వారం వచ్చాడు ఫిన్లే.
పదిహేనేళ్ళు, కాలికి పోలీసుల ట్యాగు.
గంటసేపు నోరు పెగల్లేదు.

ఓడల యార్డులో నలభై ఏళ్ళు
ఇనుము అతికిన మర్డో
ఏమీ అడగలేదు.
తుప్పుపట్టిన సైకిలు గొలుసు ముందుకి జరిపాడు.
నూనె చుక్క.
ఇంకో చుక్క.
"ఎవరిదిది?"
"తెలీదు. నువ్వు కొట్టేసింది కాదుగా."
ఆపుకునేలోపే నవ్వొచ్చేసింది వాడికి.

మార్చిలో ఆఫీసు కాగితం వచ్చింది.
కళ్ళద్దాలు మరిచానన్నాడు మర్డో
(జేబులో కనిపిస్తూనే ఉన్నాయి).
కుర్రాడే పూరించాడు.
'మార్పేమైనా కనిపించిందా' అన్నచోట,
నూనె వేలిముద్ర పక్కన:

ముసలాయన ఇప్పుడు
ఒక టీయే తాగుతున్నాడు.