వెనక్కి ఒక చుట్టు

ఉన్ని తొడుగు విప్పి బల్ల మీద
ఒకే ఒక్క మరమేకు పెట్టింది ఇర్మెలి.
"ఇలాంటిదే ఇంకొకటి, తౌనో. ఒక్కటి చాలు."

కెమిలో మధ్యాహ్నం రెండింటికే చీకటి.
కళ్లజోడు నుదుటి మీంచి దించుకుని చూశాను.
తల గాడి అరిగిపోయింది.
"వెన్న కత్తితో తిప్పాడు మా ఆయన."

బీరువాకా?
"మంచానికి. మూడిళ్లు మారింది. ఇది నాలుగోది."

అయితే ఇలాంటిది వద్దు.
ఇది ఆ మంచంతో వచ్చింది కాదు,
ఏ సొరుగులోనో దొరికితే దూర్చాడు.
నీ మంచం చెక్క కాదు ఇర్మెలీ,
జిగురు మాట విని ఒకచోట కూర్చున్న రంపపు పొట్టు.
సన్న మర దాన్ని పట్టుకోదు, నమిలి ఉమ్మేస్తుంది.
మరకీ మరకీ మధ్య గోరు పట్టేంత ఎడం ఉండాలి.
పలక పద్దెనిమిది మిల్లీమీటర్లా? మేకు పదహారు.
ఆ రెండూ కక్కుర్తిపడితే
రాత్రి ఎవరి మోకాలికో తెలుస్తుంది.

సీసా దించి, రెండు తీసి ఆమె అరచేతిలో వేశాను.
"ఒక్కటే అడిగాను."
రెండోది ఆయన సొరుగులో పడెయ్యి.

తలుపు దాకా వెళ్లాక గుర్తొచ్చింది:
పెట్టగానే బిగించెయ్యకు.
ముందు వెనక్కి తిప్పు, మెల్లగా.
టక్కుమని ఒక మెట్టు దిగుతుంది,
పాత దారి దానికే దొరుకుతుంది.
అప్పుడు ముందుకి.

గుమ్మంలోనే నిలబడి
ఉత్త చేతిని గాలిలో వెనక్కి తిప్పి చూసుకుంది,
ఒకసారి, మళ్లీ ఒకసారి.
మంచు లోపలికి కొడుతోంది.
తలుపు వెయ్యమనలేదు నేను.