మూడు ముక్కల కర్ర

బిషప్ గారి దండం మూడు ముక్కలు.
కారు డిక్కీలో గొడుగు పక్కన, రబ్బరు బూట్ల పక్కన పడుకుంటుంది.
ఏ ఊరి చర్చి గుమ్మం ముందో వానలో నిలబడి
మరలు తిప్పి బిగిస్తాను నేను.
కాపరి కర్ర అప్పుడు గాని లేచి నిలబడదు.

పదకొండేళ్ళు ఆయన డ్రైవరుని.
పేరు ఐవర్ థిసిల్‌వుడ్. హోదా, స్కార్న్‌సీ బిషప్.
చట్టంలో మాట సఫ్రగన్. జనం నోట చిన్న బిషప్.
స్కార్న్‌సీ ఎంత ఊరని అడక్కండి.
సముద్రం ఏటా రెండు గజాలు కొరుక్కు తింటోంది.
మిగిలింది ఒక వీధి, ఒక చేపల కొట్టు,
సగం సమాధుల దొడ్డి.
తక్కిన సగం, ఆటు తీసినప్పుడు
బురదలో అరిగిన పళ్ళలా కనబడుతుంది.

"కొత్తేం కాదు, క్లెమ్," అన్నారోసారి శాండ్‌విచ్ పొట్లం విప్పుతూ.
"రోముతో తెగకముందు మావాళ్ళకి
ఎడారుల అవతల చెయ్యిజారిన ఊళ్ళ పేర్లిచ్చేవారు,
ఒక్కరూ కాలుపెట్టనివి.
తర్వాత రాజుగారు ఇరవై ఆరు ఊళ్ళు చట్టంలో రాయించాడు.
రెండు పేర్లు పంపండి, ఒకటి నేనేరుకుంటానన్నాడు.
ఏరుకోవడం కొన్నాళ్ళే.
ఆపైన రెండున్నర శతాబ్దాలు ఆ కుర్చీలు ఖాళీ.
మన స్కార్న్‌సీ ఆ జాబితాలోనే లేదు,
విక్టోరియా రోజుల్లో ఎవరో అతికించారు.
అయినా కుర్చీలంటానేమిటి, మాకు కుర్చీ ఎప్పుడుంది!"

నిజమే. కతీడ్రల్లో ఓక్ సింహాసనం పెద్దాయనది.
ఈయన చోటు పక్కన, హీటరు వేడి చేరని మూల.

పెద్దాయన పోయాక పద్నాలుగు నెలలు
అన్నీ ఈయన నెత్తినే. కారే కప్పులు, పాదిరీల తగువులు,
అర్ధరాత్రి ఫోన్లు.
కొత్తావిడ వచ్చి
కతీడ్రల్ తలుపు మూడుసార్లు కొట్టింది.
ఆవిడ కర్ర వెండిది. ఒకటే ముక్క.
ఈయన మోకాళ్ళ మీదికి దిగుతుంటే
కీళ్ళు పటపటమన్నది నా వరుస దాకా వినబడింది.

ఆఖరి కన్ఫర్మేషన్ స్కార్న్‌సీలోనే.
వచ్చింది ఒక్కడు, ఆంబ్రోస్ కేవుడ్, ఎనభై ఒకటి,
ఒకప్పుడు రక్షణ పడవ నడిపినవాడు. మోకరించలేడు.
"అయితే నేనే," అని చిన్న బిషప్ దిగారు,
కిందినుంచి చేతులు చాచి ఆ బట్టతల అందుకున్నారు.

ఆ పదవి మళ్ళీ నింపరట. ఖర్చు.

సాయంత్రం గాలికి డిక్కీ తలుపు ఆగడం లేదు.
మరలు విప్పుతుంటే
రెండో ముక్కలోంచి ఇసుక రాలింది.
దులపలేదు నేను.