మూడో చీటీ

కాశీబుగ్గలో జీడిపిక్కల కార్ఖానా మేడమీద నా గది.
కింద బాయిలరు ఊపిరి వదిలితే
పైన కీబోర్డు మీద సన్నటి పొర,
తుడిస్తే వేలికి జిడ్డు.

కూలి లెక్కల ప్రోగ్రాం రాస్తాను.
నాకు సాయం ముగ్గురు. మనుషులు కాదు.
ఒకటి చురుకు,
ఒకటి పొడుగు లెక్కలకు ఓపిక,
మూడోది చవక,
నెలాఖరున చేతిలో డబ్బాడక దాన్నే పిలుస్తాను.
కిటికీ మూస్తే చాలు, మూడూ నన్ను మరిచిపోతాయి.
అందుకని గుమ్మంలో చీటీ పెట్టాలి:
ఇది ఎవరి లెక్క, ఏ పట్టిక ముట్టకూడదు,
తేదీలో ముందు రోజు, తర్వాత నెల.

చీటీ పేరు ఒక్కోదానికి ఒక్కోటి.
వేరేదాని పేరున్న కాగితం
కళ్లెదుట ఉన్నా తెరవదు,
పక్కింటి ఉత్తరం మనం విప్పనట్టు.
మర్యాదో మొండితనమో.

మూడు చీటీలు రాశాను.
అంటే, ఒకటి రాసి రెండుసార్లు అతికించాను.

మొదట్లో అందులో ఒక వాక్యం ఉండేది:
కిలో పైన గ్రాములు వదిలెయ్యి.
గుమస్తా చెప్పాడు, నాకూ సులువనిపించింది.
ఏప్రిల్లో ఆడవాళ్లు కాటా దగ్గర
సగం పూట లేవకుండా కూర్చున్నారు.
ఆ సాయంత్రమే దిద్దాను.
రెండు చీటీల్లో దిద్దాను.

నెలాఖరు శనివారం
చవకది బుద్ధిగా, ఎంతో బుద్ధిగా
తనకు చెప్పినట్టే చేసింది.

తామాడ యర్రమ్మ మెట్లెక్కి వచ్చింది.
బూడిద రాసుకున్నా జీడి చమురు తిన్న వేళ్లు.
"ఆరు దినాలూ కాటా నాను సూసుకున్నాను బావూ.
ఓపాలి ఏడొందల గ్రాములు, ఓపాలి ఆరొందలు.
అవన్నీ ఏటయిపోనాయి?
నీ డబ్బా గాని తినీసిందేటి?"

డబ్బా తినలేదు.
ముగ్గురికి ఒక మాట చెప్పబోయి
ఇద్దరికే చెప్పానన్నాను.
నవ్వలేదు, తిట్టలేదు.
"మా షెడ్డులో మేస్త్రి గోడమీద సుద్దతో రాసీసి ఎలిపోతాడు.
సదువు రానోలకి పక్కనోలు సెప్తారు.
గోడొకటే కదేటి."

ఆ రాత్రి రెండు చీటీలు చెరిపి
వాటి చోట ఒక్క ముక్క రాశాను: ఆ గోడ చూడు.
చవకది చదివి
ఏ గోడ? అని అడిగింది.

తప్పు దానిది కాదు.
తెల్లారగట్ల దాకా కూర్చుని
మూడు పేర్లనూ ఒకే కాగితానికి ముడేశాను.
ఏ తలుపు తీసినా ఇప్పుడు అదే గది,
అదే వాక్యం మొదట:
గ్రామును గ్రాముగానే ఉంచు.

ఆదివారం ముప్పై ఎనిమిది మందికి
బాకీ చిల్లర లెక్కపెట్టి ఇచ్చాం.
యర్రమ్మ నాణేలు కొంగున కట్టుకుని
మళ్లీ విప్పి ఇంకోసారి లెక్కపెట్టింది.

వచ్చేటప్పుడు షెడ్డులోకి తొంగి చూశాను.
గోడమీద కొత్త సీజను రేటు, లావు అక్షరాల్లో.
దాని కింద, తడి గుడ్డతో తుడిచిన చోట
పాత అంకె
ఇంకా చదవొస్తోంది.