గండి

పదకొండు కంప్యూటర్లలో ఆరు లేస్తాయి.
వాటిలో ఒకటి నెత్తిన దరువేస్తేనే లేస్తుంది.
దానికి బుల్లిరాజు అని పేరు పెట్టారు తొమ్మిదో తరగతి వాళ్ళు,
రేవులో పంటు ఇంజను తిప్పే మనిషి పేరు.

ఆ రోజు పాఠం గోదావరి పాయలు.
పుస్తకంలో బొమ్మ బొటనవేలంత ఉంది,
వైనతేయ పేరుకే చోటు చాల్లేదు.
అందుకని ముందురోజు రాత్రి వెతికి వెతికి
రంగుల్లేని రేఖాపటం ఒకటి తెర మీదికి తెచ్చి
ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా
ఒక్క మీటతో పట్టేశాను.

"మీరూ మీ తెరని పట్టండి" అన్నాను.
ఇరవై రెండు మంది, వంతులవారీగా, ప్రింట్ స్క్రీన్ నొక్కారు.
"ఏదండీ మేడం, ఏమీ రాలేదు!"
వచ్చింది. పరిచేదాకా కనపడదు, అంతే.
వెనక నుంచి సంగాని కామేశు
"వల నీళ్ళలో ఉన్నట్టండి, లాగితే గదా తెలిసేది" అన్నాడు.
నా నోట్సు పక్కన పెట్టి
బోర్డు మీద అదే రాశాను.

తర్వాత రంగుడబ్బా.
రెండు గట్ల మధ్యా నీలం ఒంపమన్నాను.
కామేశు ఒంపాడు.
రాజోలు మునిగింది. అమలాపురం మునిగింది.
రెప్పపాటులో తెర అంతా ఒకటే నీలం.

"గండి పడిందండీ!"
గదంతా ఒక్కసారే అరిచింది, నవ్వకుండా.
ఆ మాట వీళ్ళకి పుస్తకంలోది కాదు.

భూతద్దం నొక్కి, గీతని తాడంత లావు చేసుకుని
గట్టెంట నడిచారు,
ఆగస్టు రాత్రుళ్ళు టార్చిలైట్లేసుకుని
వాళ్ళ నాన్నలు నడిచినట్టే, మాట్లాడకుండా.
గన్నవరం దిగువన దొరికింది.
నల్లగీతలో ఒక్క చుక్క లేదు.
వెనక్కి నొక్కి నీళ్ళు తీశారు,
చుక్క పెట్టారు,
మళ్ళీ ఒంపారు.
నది నదిలోనే నిలబడింది.
మా లంకలో ఈ పనికి నాలుగు రోజులూ
మూడు లారీల ఇసకబస్తాలూ పడతాయి.

ఆఖరి పది నిమిషాలు కత్తిరింపు.
చీమలబారు లాంటి చుక్కల పెట్టె లాగి చూపించి,
"అక్కర్లేనిది తీసెయ్యండి" అన్నాను.
ఇంతలో గంట కొట్టారు.

రాత్రి ఫైళ్ళు దిద్దడానికి కూర్చుంటే
కింద కుడిమూల, చిన్న పెట్టె.
నేను పటాన్ని పట్టిన క్షణానే వచ్చిపడిన మెసేజి.
నా ఇంటిపేరుతో, గ్రాములతో సహా:
బంగారు రుణం గడువు దాటింది, వేలం తేదీ ఫలానా.
రోజంతా ఆరు తెరల మీద ఉంది అది.
నేను వాళ్ళ వెనకాలే తిరుగుతూ గట్లు చూశాను,
మూల చూడలేదు.
బోర్డు ముందు పాయలు లెక్కపెడుతుంటే
నా మెడకేసి ఎవరెవరు చూశారో.

ఒక్కో ఫైలూ తెరిచాను.
ఉంది. ఉంది. ఇందులోనూ ఉంది.
కామేశు ఆ పెట్టెకి తెరచాప గీసి
పడవ చేశాడు.
పదిహేడోది నేలపూడి సువార్తది.
అందులో లేదు.
అంతర్వేదీ లేదు, ఓడలరేవూ లేదు,
అసలు సముద్రమే లేదు.
పటం అడుగున ఈ చివర్నించి ఆ చివరికి
ఒక పట్టీ కోసేసింది.
పాయలన్నీ వచ్చి వచ్చి
అంచు దగ్గర ఆగిపోయాయి.

మర్నాడు అడిగాను, "సముద్రం ఏదమ్మా?"
తలెత్తలేదు.
"అక్కర్లేనిది తీసెయ్యమన్నారు గదండీ."

సముద్రం లేకపోతే ఒక మార్కు పోతుంది,
పాఠానికి ముందు నేనే చెప్పాను.
పదికి తొమ్మిది వేశాను.
వేసి, చాలాసేపు ఆ అంకె వైపే చూశాను.

కామేశుకి పదికి పది.
"మరి ఈ పడవెక్కడికిరా?" అంటే
"యానామండి, ఆయ్" అన్నాడు,
మూల మీద వేలు పెట్టి.