రెండు వరసల వెనక

పదకొండు గంటల ఆట. ఇంగ్లీషు బొమ్మ.
బెంచీ టికెట్టుకి నా జేబులో డబ్బులే,
డిపార్టుమెంటు ఇస్తామనింది, ఇయ్యలేదు.

ముందర ఏకాంబరం మేష్టరు,
రెండు వరసల వెనక నేను.
ఆయన ఎవురితో మాట్లాడితే వాళ్ల పేరు రాసుకోవల్ల.
ఎమర్జెన్సీ ఏడు, చిత్తూర్లో నా డ్యూటీ అది.

తెర మీదా ఒక వేగులోడే.
నేను అనుకున్నట్టు లేడు.
కారు ఎగరలేదు, తుపాకి పేల్లేదు,
నలిగిన కోటు, తడిసిన బూట్లు,
చలిలో ఒక కిటికీకేసి చూస్తా నిలబడుకోనుండాడు.
అంతే. ఎంతసేపటికీ ఆ కిటికీనే.
బెల్లం మండీ హమాలీలు ఈలలేసి, తిట్టి,
తువ్వాళ్లు దులుపుకోని ఎలబారిపోయిరి.

నాకు ఒక్క మాట తెలీలా.
ఆ కాళ్ల నొప్పి మాత్రం తెలిసింది.
గ్రీమ్స్‌పేట మలుపులో కరెంటు స్తంభం కింద
నేనూ అట్లనే గదా,
మేష్టరింట్లో దీపం ఆరిందాకా.
వీధి కుక్కలు నన్ను చూసి
అరవడం మానేసి ఎన్నాళ్లయిందో.

ఇంటర్వెల్లులో మేష్టరు
చెనిక్కాయలు రెండు పొట్లాలు కొన్నాడు.
ఒకటి నా చేతిలో పెట్టి
"మొన్న వానలో బాగా తడిస్తివే, దగ్గు తగ్గిందా?" అన్నాడు.

ఏడు నెలలు.
నేను ఆయన్ను చూస్తా ఉండానా,
ఆయన నన్నా?

ఆపైన పక్కపక్కనే కూర్చున్నాం.
చెవిలో కథ చెప్తా వచ్చినాడు, పిల్లోడికి చెప్పినట్టు.
"ఇది ముందు నవలప్పా, నేను చదివినా.
అందులో ఈయనకు పెండ్లాముంది.
రోజూ రెండు కప్పుల్లో టీ పోసి, ఒకటి పారబోస్తుంది.
సినిమావోళ్లు ఆమెను తీసేసినారు.
కాసుకోనుండే మనిషిని తీసేస్తే
కథ తొందరగా అయిపోతుంది గదా."

ఇంట్లో మూతేసిన సంగటి గుర్తుకొచ్చె.
చివర్లో ఆ కోటాయన గెలిచినాడో, ఓడినాడో,
మేష్టరు చెప్పలా, నేను అడగలా.

రాత్రి స్టేషన్లో, మసి బల్బు కింద రాసినా:
"అనుమానితుడు ఆంగ్ల చలనచిత్రం వీక్షించెను.
ఎవరితోనూ సంభాషించలేదు."
ఇన్‌స్పెక్టరు చదవకనే సంతకం పెట్టె.

తెల్లారి, గుడ్డలు నానేస్తా,
జేబులో చెనిక్కాయ పొట్టు దులిపి
నా పెండ్లాము అంజూరమ్మ అడిగింది,
"ఎవురితో పోయింటివి సినిమాకి?"